మార్పిడి కుర్చీ

విశాఖపట్నం సివిల్ కోర్టులో పరిహారంగా డబ్బు అడిగేవాళ్ళు కరువైపోయారు. 2083 నాటికి దావా వేసిన ప్రతివాళ్ళూ కుర్చీయే కావాలంటున్నారు. వరండాలో టోకెన్ల తెర కింద ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనే కూర్చున్న గౌరీశ్వరి ఆవిడ వంక కాసేపు చూసింది. ఎందుకింత ఏడుపు అనుకుంది, అంతే. చేతిలో టీ చల్లారిపోయింది. వేడిగా ఉన్నప్పుడు తాగినా ఆమెకు తేడా తెలిసేది కాదు.

గౌరీశ్వరి సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో షిఫ్ట్ ఆపరేటరు. ఒక్కతే కూతురు, సుధేష్ణ. భీమిలి రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే కొల్లి వంశీధర్ కారు గుద్ది చంపేసింది. తాగిన మైకంలో ఆటోపైలట్ ఆపేసి స్టీరింగ్ తనే పట్టుకున్నాడని ఊరందరికీ తెలుసు. క్రిమినల్ కోర్టుకు మాత్రం తెలియలేదు పాపం. నడిపింది మనిషో యంత్రమో అనుమానానికి తావులేకుండా తేలలేదని వదిలేసింది.

"సివిల్ దావా వేద్దామమ్మా," అన్నాడు అప్పట్లో లాయరు జోగారావు. "అక్కడ అంత పట్టింపు లేదు. త్రాసు మనవైపు కాస్త మొగ్గితే చాలు. జైలుకు పంపలేం గానీ, కుర్చీ ఎక్కించగలం."

ఆ కుర్చీ అసలు పేరు వేదనావాహిని. ఇంగ్లీషులో అఫెక్ట్ ట్రాన్స్‌ఫర్ యూనిట్. దాన్ని కనిపెట్టిన డాక్టర్ చిత్కళ చెప్పే సూత్రం తేలికే. బాధ అన్నది మెదడులో ఒక అల్లిక. బాధితుల తలలోని అల్లికను సెన్సర్లు చదువుతాయి. ఆ బాధకు కారణమైన సంగతి గురించి దోషి తలలో అప్పటికే ఉన్న అల్లికను యంత్రం చెరిపేసి, ఆ చోట దీన్ని నేస్తుంది. ఒకసారి నేస్తే ఇక ఊడదు. పాత రికార్డులు చెల్లవు, డిక్రీ అమలయ్యే రోజున లోపల ఏముందో దాన్నే చదవాలని చట్టం.

ఆ రోజు రావడానికి ఏళ్ళు పట్టింది. వాయిదా మీద వాయిదా. జడ్జి మారినప్పుడల్లా, ఎదుటి లాయరు మారినప్పుడల్లా గౌరీశ్వరి బోనెక్కి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. సుధేష్ణ కాలి చెప్పు ఎక్కడ పడింది, పిల్లను దేన్నిబట్టి గుర్తుపట్టింది, అన్నీ. మొదట్లో గొంతు పెగిలేది కాదు. తర్వాత ఏడుస్తూ చెప్పింది. ఆ తర్వాత ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. ఏ వాయిదాలో పోయిందో గానీ, లోపలిదేదో పోయింది. ఈ మాట ఆమె జోగారావుతో అనలేదు. అట్టడుగున ఎక్కడో ఉండే ఉంటుంది, యంత్రం తోడి తీస్తుందిలే అనుకుంది. తనకు జరిగినదేమిటో వాడికి తెలియాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

పేరు పిలిచారు. లోపల రెండు కుర్చీలు. ఎదురు కుర్చీలో వంశీధర్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. కళ్ళు గుంటలు పడి, చేతులు వణుకుతూ, మనిషి సగమయ్యాడు. తాగుడు తినేసింది అనుకుంది గౌరీశ్వరి.

"ఆంటీ," అన్నాడతను. "కోర్టులో మా లాయర్లు నన్ను ఒప్పుకోనివ్వలేదు. నేనే నడిపాను. కళ్ళు మూస్తే ఆ అమ్మాయే. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

"ఇప్పుడా చెప్పడం బాబూ," అంది. కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

చిత్కళ ఆమె తలకు సెన్సర్లు అమర్చి, తెర చూసి, మళ్ళీ అమర్చింది. "గౌరీశ్వరిగారూ, గీత లేవడం లేదు. మీ అమ్మాయి ఫొటో చూపించినా ఇంతే. లోపలంతా మొద్దుబారిపోయింది."

"అది బాధ కాదా డాక్టరుగారూ?"

"నా యంత్రానికి కాదండీ. వాయిదా అడగండి. కొన్నాళ్ళు వైద్యం చేయించుకుని వద్దురుగాని."

"ఇంకో వాయిదా నావల్ల కాదు. ఉన్నదే ఎక్కించండి. తినేది అన్నమో మట్టో తెలియకుండా వాడూ బతకనీ."

జోగారావు దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఒక్క మాట. డిక్రీ ఒకసారే అమలవుతుంది. మళ్ళీ అడగడానికుండదు."

"ఎక్కించమన్నానుగా."

యంత్రం సన్నగా రొద చేసింది. వంశీధర్ చేతుల వణుకు ఆగిపోయింది. నుదుటి ముడతలు సర్దుకున్నాయి. ఒక ఆవులింత తీసి, పట్టీలు విప్పేలోపే తల వాల్చి గుర్రుపెట్టాడు.

"ఏమైంది వాడికి?" అంది గౌరీశ్వరి.

చిత్కళ తెరలో పాత గీతను చూస్తోంది. "ఇతని లోపల ఉన్నది చెరిగిపోయిందండీ. తప్పు చేశానన్న బాధ. మీటరు పైఅంచు దాటి ఉంది. దోషుల లోపల ఏముంటుందిలే అని మేమెప్పుడూ ముందుగా చదవలేదు."

గౌరీశ్వరికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తను మరిచిపోయిన ఏడుపును ఇన్నాళ్ళూ ఒక్కడు మోశాడు. రోజూ రాత్రి సుధేష్ణను చూసిన మనిషి లోకంలో వాడొక్కడే. వాడి దగ్గర కూడా పిల్లను తనే చెరిపించేసింది. గోడకు చేరబడి, నోరు మూసుకోవడం చేతగాక, పెద్దగా ఏడ్చింది.

"ఇప్పుడు చదవండి డాక్టరుగారూ. ఇప్పుడుంది, చూడండి," అంది.

చిత్కళ జోగారావు వంక చూసింది. జోగారావు తల అడ్డంగా ఊపి, గౌరీశ్వరిని పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

వంశీధర్ నిద్ర లేచి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది. అతను ఆగి చూశాడు.

"ఎందుకేడుస్తున్నారాంటీ?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. మళ్ళీ ఒక ఆవులింత తీసి గేటు వైపు నడిచాడు.