పవర్ సప్లైకి నీళ్లెందుకు?

ఆ పిల్ల అనుమానం ఎంతటిదో ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు, అందుకని కాస్త తగ్గించి చెబుతాను. గోడ గడియారంలో టైము చూసేది. దాన్ని ఫోన్లో సరిచూసుకునేది. అప్పటికీ తృప్తి లేక బయటికొచ్చి సూర్యుడెక్కడున్నాడో చూసేది. ఆమె తలెత్తినప్పుడల్లా సూర్యుడు కాస్త సర్దుకుని నిలబడేవాడని ఆ వీధిలో చెప్పుకునేవారు.

మేనత్త నడిపే కంప్యూటర్ రిపేరు షాపులో మెకానిక్కు ఆమే. అత్తయ్యది ముందు కౌంటరు, ఈమెది వెనక బల్ల. ఓ వానపూట ఆ షాపులోకి తడిసిన తలతో ఒక కుర్రాడు దూరాడు.

"పవర్ సప్లైకి లిక్విడ్ కూలింగ్ పెడతారాండీ?"

ఆమె తలెత్తలేదు. "కరెంటు పెట్టెలో నీళ్లా?"

"అవునండీ."

"మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?"

అత్తయ్య కిసుక్కున నవ్వింది. కుర్రాడు మాత్రం కదల్లేదు. "ఫ్యాను చప్పుడు చేస్తుంది కదండీ. నీళ్లయితే నిశ్శబ్దం."

"నీళ్లు వాటంతటవే తిరుగుతాయా? పంపు కావాలి, అది రొద పెడుతుంది. వేడెక్కిన నీళ్లు చల్లారడానికి రేడియేటర్ కావాలి, దానికి మళ్లీ ఫ్యాన్లు. ఒక్క ఫ్యాను గోల పడలేక ఇంకో మూడు గోలలు కొనుక్కుంటారా?"

"మరి చల్లదనం?"

"అసలు దానికంత వేడెక్కడిది? మంచి పవర్ సప్లై గోడ ప్లగ్గులోంచి లాగిన కరెంటులో చాలా భాగం కంప్యూటర్‌కే ఇచ్చేస్తుంది. మిగిలిన కాస్తే వేడి. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఒక్కటి చాలు."

అప్పుడు తలెత్తింది. కుర్రాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. చొక్కా చేతుల మీద తెల్లటి పిండి మరకలు. చూపులో మాత్రం మరకేమీ లేదు. అదే ఆమెకు నచ్చలేదు. మరీ అంత శుభ్రంగా ఉన్న చూపుని నమ్మేదెలా?

మర్నాడు మళ్లీ వచ్చాడు. "ఎవరైనా నీళ్లు పెట్టేశారనుకోండి, ఏమవుతుంది?"

"ఎవరైనా అంటే ఎవరు?"

"ఎవరైనానండీ."

"మీ పెట్టె ఏదీ?"

"తెస్తానండీ."

ఆమె అనుమానం బలపడింది. రిపేరు షాపుకి వచ్చేవాళ్లు ముందు పెట్టె బల్ల మీద పెడతారు, ఆ తర్వాత కథ మొదలెడతారు. ఇతగాడు కథ ఒక్కటే తెస్తున్నాడు.

"నీకోసం వస్తున్నాడే," అంది అత్తయ్య.

"నాకోసం వచ్చేవాడు కెపాసిటర్ ఎంత వేడికి ఉబ్బుతుందని అడుగుతాడా అత్తయ్యా?"

"నీకోసమైతే అదే అడగాలి మరి!"

ఆ వారమంతా వచ్చాడు. అతను రాగానే ఆమె బల్ల మీద స్క్రూడ్రైవర్లు తలకిందులయ్యేవి. అదీ అతని కుట్రేనని ఆమె నమ్మకం. ఒకరోజు అతను వెళ్లగానే గుమ్మంలోకొచ్చి చూసింది. కుర్రాడు మలుపు దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి ఎదురు షాపు పక్క తలుపులోంచి లోపలికి దూరాడు.

ఎదురుది కూడా కంప్యూటర్ షాపే. దాని యజమానిని వీధంతా టర్బో అంటుంది. ఏ పనైనా రెట్టింపు వేగంతో చేస్తాడు, రెట్టింపు సార్లు మళ్లీ చేస్తాడు. ఆ షాపు అద్దాల్లో కొన్నాళ్లుగా ఏదో గుడ్డ కప్పుకుని కూర్చుంది.

"చూశావా అత్తయ్యా? గూఢచారి!"

మర్నాడు అతను రాగానే ఆమె తలుపు మూసి అడ్డంగా నిలబడింది. "ఎవరు పంపారు నిన్ను?"

మర్యాద గాల్లో కలిసిపోయింది చూశారా!

"ఎవరూ పంపలేదండీ. టర్బో మా నాన్న." కుర్రాడు ఎదురు షాపు వైపు చెయ్యి చూపించాడు. "ఫ్యాను పీకేసి నీళ్ల గొట్టాలు పెట్టిన పవర్ సప్లై తయారుచేశాడు. సాయంత్రం ఒకావిడ వచ్చి పట్టుకెళ్తుంది. ఆవిడ ఇంట్లో పసిపిల్లలున్నారు. వద్దు నాన్నా అంటే, 'కేకులు కాల్చుకునేవాడివి, నీకేం తెలుసురా' అంటాడు. అందుకే ఆయన ప్రశ్నలు ఇక్కడికి మోసుకొస్తున్నా, మీ జవాబులు అక్కడికి మోసుకెళ్తున్నా. ఇవాళ జవాబులతో పని జరగదు. మీరే రావాలి."

"మొదటే చెప్పొచ్చుగా?"

"టర్బో కొడుకునంటే లోపలికి రానిచ్చేవారా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "లేదు."

వేడి కొలిచే గన్ను పట్టుకుని బయల్దేరింది. ఇది కూడా ఉచ్చేనేమోనని వీధి దాటేటప్పుడు అతణ్ణి ముందు నడిపించింది.

ఎదురు షాపులో గుడ్డ తొలగింది. నీలం నీళ్లు, గాజు గొట్టాలు, రంగు దీపాలు. అందంగానే ఉంది. టర్బో మీసం తిప్పాడు. "ఇదిగో అమ్మాయ్, రాగి పలక మీద కొలువు. చల్లగా లేదూ?"

కొలిచింది. "చల్లగానే ఉందంకుల్. నీళ్లు తగిలిన చోటు కదా. కంప్యూటర్‌కి బరువైన పని పెట్టి కాసేపు నడపండి. ఎవరూ దగ్గరికి రాకండి."

పంపు కందిరీగలా రొద పెట్టింది. కాసేపయ్యాక ఆమె దూరం నుంచే గన్నుని పక్కకి తిప్పింది, లోపలి తీగచుట్ల మీదికీ, కరెంటు దాచుకునే కెపాసిటర్ల మీదికీ. అంకెలు ఎగబాకాయి. టర్బో మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

"ఫ్యాను గాలి అందర్నీ పలకరించుకుంటూ పోతుందంకుల్. మీ నీళ్లు ఒక్కళ్లింటికే వెళ్తున్నాయి. మిగతావాళ్లు ఉడికిపోతున్నారు. ఆ కెపాసిటర్ నెత్తి చూడండి, అప్పుడే ఉబ్బింది, ఇంకాసేపుంటే పేలుతుంది. ఆ గొట్టం అతుకు దగ్గర చూడండి."

అతుకు దగ్గర ఓ నీటిబొట్టు. పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

టర్బో తన పేరుకు తగ్గ వేగంతో ప్లగ్గు పీకాడు.

తర్వాత ఆయన ఫోను తీసి, "అమ్మా, ఆ నీళ్లది ఇవ్వలేను. ఫ్యానుదే బిగించి ఇస్తాను. లేదమ్మా, తప్పు నాదే," అన్నాడు. ఫోను పెట్టేసి కొడుకు వైపు తిరిగాడు.

"అయితే ఇన్నాళ్లూ ఆ జవాబులన్నీ ఈ అమ్మాయివా? నీకు బుర్ర వచ్చిందనుకుని మురిసిపోయానురా!"

కొడుకు నేల చూశాడు.

"జవాబులు మోసుకురావడం దేనికి? మనిషినే తీసుకురాలేకపోయావా? మంచీ చెడ్డా మాట్లాడ్డానికి మీ అత్తయ్య దగ్గరికి నేనొస్తాలే అమ్మాయ్."

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు గన్ను అటు తిప్పి ఉంటే కెపాసిటర్లు సిగ్గుపడేవి.

ఇద్దరూ బయటికొచ్చి చూరు కింద నిలబడ్డారు. వాన వీధిని కడుగుతోంది.

"ఇంకేమైనా దాచావా?"

"ఒకటుంది. నాన్న ప్రశ్నలు రెండో రోజుకే అయిపోయాయి. తర్వాతవన్నీ నేనే కల్పించాను."

"కెపాసిటర్ ఎంత వేడికి ఉబ్బుతుందన్నది?"

"నాదే. మీరు చెబుతుంటే మిమ్మల్నే చూస్తూ ఉండిపోయా. జవాబు ఒక్క ముక్క గుర్తులేదు."

"అబద్ధం!"

"నిజం. నాకు మీరంటే ఇష్టం, అదీ నిజం. నాన్న ఇప్పుడు అద్దానికి ముక్కు ఆనించి మనల్నే చూస్తున్నాడు, అదీ నిజం."

ఆమె మెడ సగం దాకా తిరిగింది. అక్కడే ఆగింది. ఆ పిల్లను ఎరిగిన వీధి మొత్తం ఊపిరి బిగబట్టి ఉంటుంది.

తిరిగి చూడకుండానే, వాన వైపు చూస్తూ అంది:

"చూడనీ."