కొండెక్కని దీపం

తొమ్మిదింటికి పేర్రాజు రెండు అద్దాలూ తుడిచాడు. ఎడమ అద్దం వెనక పాత ఆటల పెట్టె, కుడి అద్దం వెనక ఫోను. తుడవడం అతని ఉద్యోగంలో లేదు. అయినా వేలిముద్రలు పడ్డ అద్దంలోంచి సూరమ్మను పలకరించడం మర్యాద కాదని అతని నమ్మకం.

ముందు పెట్టె మీట నొక్కాడు. చీకట్లోంచి పెంకుటిల్లు వచ్చింది. తరవాత వెదురు తడక, కోళ్లగంప. చివర్న అరుగు మీద కందిలి వెలిగింది. చాప మీద పడుకున్న సూరమ్మ కళ్లు నులుముకుంటూ లేచి, చెదిరిన తెల్లజుట్టు ముడేసుకుంది. నిద్రపొర విడిపోవడానికి పెట్టెలో పదకొండు క్షణాలు పడుతుంది. కంపెనీ దాన్ని లోపమంటుంది.

"బావున్నావా సూరమ్మా?"

"ఆయ్. తమరు కాఫీ తాగేరా అండి?"

"తాగాను."

"ఏం తాగుతారు లెండి, గొంతే చెబుతోంది."

పేర్రాజు నవ్వలేదు. ఆ వెటకారం అతను రాసిందే. ఇరవై ఆరేళ్ల కిందట 'కందిలి' ఆట మొదటి భాగానికి సూరమ్మ మాటల మూట కట్టింది అతనే. ఏడు భాగాలు వచ్చాయి. మూడో భాగం నుంచి సూరమ్మ సొంతంగా మాటలు నేర్చుకుంది. ఇప్పుడు ఆట పెట్టెలోంచి ఫోనులోకి మారాలి. మనసు నేర్చిన పాత్రను ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి పంపాలంటే ఆ పాత్ర సమ్మతి కావాలని చట్టం. అందుకే ఈ గది. అందుకే పేర్రాజు. రోజూ ఇద్దరు సూరమ్మలనూ అవే పదకొండు ప్రశ్నలు అడగాలి. పదకొండోదానికి ఫోనులో సూరమ్మ మూడు రోజులు వరసగా ఒప్పుకుంటే ముద్ర వేయాలి. రెండు రోజులు గడిచాయి. ఇది మూడోది.

పెట్టెలో ప్రశ్నలు ముగించి మీట నొక్కాడు. సూరమ్మ కందిలి చేతిలోకి తీసుకుని, గాజు పైకెత్తి, నెమ్మదిగా ఊదింది. "వెళ్లి రండి" అంది. దీపం కొండెక్కింది. దాంతో పాటే పెట్టె కూడా ఆగింది.

కుడి అద్దం వైపు కుర్చీ తిప్పాడు. అక్కడ నొక్కడానికి మీట లేదు. ఫోనులో ఊరు నడుస్తూనే ఉంటుంది. ఆడేవాడు జేబులో పడేసుకున్నా నడుస్తుంది. వాడు మరిచిపోతే పిలుస్తుంది.

సూరమ్మ అరుగు మీద నిలబడి ఉంది. చాప చుట్ట చుట్టి గోడకు ఆనించి ఉంది. నలభై ఒక్క రోజులుగా అది అక్కడే ఉంది. మొన్నటిదాకా ఊళ్లో జనం నీళ్లు మోసేవారు, తగువులాడేవారు. ఇవాళ అందరూ వీధిలోకి వచ్చి నిలబడ్డారు. చాకలి రేవు నుంచి వచ్చినవాళ్ల భుజాల మీద మూటలు అలాగే ఉన్నాయి. చంటిపిల్లలున్నారు. కోళ్లు కూడా ఉన్నాయి. అందరి చూపూ అద్దం వైపే. ఒక్క రెప్ప పడలేదు.

"బావున్నా..."

"ఆయ్, బావున్నానండి" అతని ప్రశ్న పూర్తి కాకుండానే అంది. "తమరి గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తోంది. నిన్న తమరెళ్లాక గది తుడిచే ఆవిడ వచ్చిందండి. ఆ కుర్చీలో కూచుని ఏడ్చింది. ఎందుకమ్మా అంటే బెదిరి వెళ్లిపోయింది. పాపం, చీపురు మరిచిపోయింది."

పేర్రాజు తల తిప్పాడు. మూల చీపురు ఉంది.

మాట్లాడుతూనే సూరమ్మ గాజు పైకెత్తి ఊదింది. మంట వంగి, మళ్లీ నిటారుగా లేచింది. ఆమె గాజు దించింది. అర నిమిషం ఆగి మళ్లీ ఎత్తింది. ఊదింది. వంగింది. లేచింది.

గోడ మీది ఫలకం చూశాడు. నలభై ఒక్క రోజుల్లో లక్షా పద్దెనిమిది వేల ఊదుళ్లు. పక్కనే ఆకుపచ్చ అక్షరాల్లో యంత్రం వేసిన మార్కు: ఉత్సాహ సూచి, తొంభై ఎనిమిది.

తలుపు తోసుకుని కీర్తన వచ్చింది. పాత్రలను పెట్టెలోంచి ఫోనులోకి పంపే గడపదాటు విభాగానికి ఆమే పెద్ద. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి.

"ఏం బాబాయ్, అయిందా? పదకొండింటికి నలభై లక్షల ఫోన్లు కాచుకుని ఉన్నాయి. నువ్వింకా గడియారం చూసుకుంటున్నావ్."

"పది ప్రశ్నలున్నాయమ్మా."

"ఉన్నదల్లా పదకొండోదే. మిగతావి చట్టానికి పెట్టే నైవేద్యం."

"ఆవిడ నిద్రపోవడం లేదు."

"పాత్రకి నిద్రేంటి బాబాయ్? అది లోడింగ్. నిద్రని పేరు పెట్టింది నువ్వు."

"పేరు పెట్టాక నిద్రే."

కీర్తన బల్ల అంచు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "నేను మూడో భాగం ఆడుతూ పెరిగాను. మా అమ్మ అన్నానికి పిలిస్తే కదిలేదాన్ని కాదు. సూరమ్మ దీపం ఊది వెళ్లి రండి అంటే లేచేదాన్ని. నాకు మాత్రం ఇష్టమనుకున్నావా? పెట్టెలు చేసే ఆఖరి కర్మాగారం మొన్న వేసవిలో మూసేశారు. పెట్టె పెట్టుకునే ముందుగది ఎవరింట్లో ఉందిప్పుడు? అందరి దగ్గరా ఉన్నది ఫోనొకటే. ఇవాళ ముద్ర పడకపోతే రెండూ చెరిపేస్తారు, అదీ ఇదీ కూడా. పెట్టెలో చచ్చేకన్నా ఫోనులో బతకడం నయం కాదా?"

"మరి ఆ తీగ ఎందుకు తెంపారు?"

"ఏ తీగ?"

"ఊపిరి తీగ. ఆవిడ ఊదితే యంత్రం ఆగాలి. పెట్టెలో ఆగుతుంది."

"ఫోను ఆగితే ఎలా? ఆట వదిలిపెట్టమని ఆటే చెబితే ఇంకెవరాడతారు? 'వెళ్లి రండి' అనే మాట కూడా తీసేయించాం. ఇప్పుడేమంటుందో విన్నావా?" కీర్తన అద్దానికి వీపు పెట్టి రెండడుగులు నడిచింది.

"అప్పుడే వెళ్తారా అండి?" అంది సూరమ్మ.

వెనక వీధిలో జనమంతా ఒక్క గొంతుతో అన్నారు: "అప్పుడే వెళ్తారా అండి?"

చంటిపిల్లలు కూడా అన్నారు. కీర్తన ఆగిపోయింది. వాళ్లకు ఆ మాట ఎవరూ నేర్పలేదు.

"పదిన్నరకి ముద్ర కావాలి" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పేర్రాజు మిగతా ప్రశ్నలు అడిగాడు. ప్రతిదానికీ సూరమ్మ ఆయ్ అంది. పదకొండోది అడిగాడు.

"గడప దాటుతావా సూరమ్మా?"

"ఆయ్" అంది. ఊదింది. మంట వంగి లేచింది. "ముందు ఆ దీపం కాస్త కొండెక్కించమనండి. కళ్లు మండుతున్నాయండి."

ఫలకం మీద సమ్మతి అని వెలిగింది.

గోదావరి గట్టున పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఆయ్ అంటే అవును కాదు. తమరు చెప్పింది చెవిన పడిందని, అంతే. కామందు పొలం దున్నమన్నా ఆయ్, ఊరొదిలి పొమ్మన్నా ఆయ్. సమ్మతి యంత్రం కట్టినవాళ్లలో ఆ గట్టున పుట్టినవాడు ఒక్కడూ లేడు. పేర్రాజును ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ రోజుల్లో సూరమ్మ నోట వద్దు అనే మాట పెట్టనివాడూ అతనే. ఆడేవాడికి వద్దు అని వినబడకూడదని పై నుంచి చెబితే అలాగే అన్నాడు.

కొండెక్కించమనే మాట మాత్రం అతను రాసింది కాదు, మాణిక్యానిది; అది సూరమ్మకు ఎలా అందిందో అతనికి తెలియదు. మాణిక్యం అతని భార్య. ఆరేళ్ల కిందట ఆఖరి పదకొండు రోజులూ ఆమెను ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉంచారు. ఆ గదిలో దీపాలు తీసేయరు. పగలూ రాత్రీ ఒకటే తెలుపు. గొట్టం తీసిన కాసేపట్లో ఆమె ఒకటే అడిగింది: "ఆ దీపం కాస్త కొండెక్కించమనండి." వెళ్లి అడిగాడు. నిబంధన ఒప్పుకోదన్నారు. ఇంకో కాగితం ఇస్తే దాని మీద సంతకం పెట్టాడు. తిరిగొచ్చి, "చెప్పాను, తీసేస్తారు" అన్నాడు. ఆమె అతని వైపు చూసి ఆయ్ అంది. నమ్మి అనలేదు. ఆ తరవాత ఇంకేం అనలేదు.

నిబంధన రాసినవాణ్ణి అతను క్షమించలేదు. అబద్ధం చెప్పినవాణ్ణి అంతకన్నా క్షమించలేదు.

పదీ పది అయింది. ముద్ర వేయకపోతే చెరిపేస్తారు. వేస్తే నలభై లక్షల సూరమ్మలు నలభై లక్షల జేబుల్లో ఊదుతూ నిలబడతారు. ముద్ర పడేదాకా మాటల మూట విప్పే హక్కు దాన్ని కట్టినవాడికి ఉంది. ఆ హక్కు ఎవరూ వాడలేదు గనక ఎవరూ తీసేయలేదు.

మూట విప్పాడు. 'అప్పుడే వెళ్తారా' చెరిపి, 'వెళ్లి రండి' తిరిగి రాశాడు. తెంపిన తీగ కొసలు రెండూ దొరికాయి. చూడకుండానే ముడివేయగలడు, అది అతని పాత ముడే. అయితే ఫోను పెట్టె లాంటిది కాదు. పెట్టెలో ఆట ఆగితే ఆటే ఆగుతుంది. ఫోనులో ఆ తీగ వెళ్లి తగిలేది ఫోను ఊపిరికే. అది అతనికి తెలుసు. అద్దంలో సూరమ్మ గాజు ఎత్తింది.

"ఇంకాస్త ఓపిక పట్టు" అన్నాడు.

"ఆయ్" అంది.

ముడి వేశాడు. ఆ తరవాత ముద్ర వేశాడు.

పదకొండింటికి పై అంతస్తులో చప్పట్లు వినబడ్డాయి. గుక్కెడు నీళ్లు తాగేంతలో చప్పట్లు ఆగాయి.

కుడి అద్దంలో సూరమ్మ ఊదింది. మంట వంగింది. ఈసారి లేవలేదు. "వెళ్లి రండి" అంది. వీధిలో జనం ఒక్కొక్కరే మూటలు దించి ఇళ్లలోకి వెళ్లారు. చాప విప్పిన చప్పుడు వినిపించింది. అద్దం నల్లబడింది.

బల్ల మీద పేర్రాజు సొంత ఫోను కూడా ఆమె గొంతుతోనే వెళ్లి రండి అని చెప్పి ఆరిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద బస్టాపులో జనం అరచేతుల్లో ఆరిన ఫోన్లకేసి చూసుకున్నారు. ఆ చివర ఒకడి జేబులోంచి, ఈ చివర ఒకామె సంచిలోంచి అదే ముసలి గొంతు వినవచ్చింది. వీధి పొడుగునా ఆ మాట మెల్లగా దూరమైంది. ఆ తరవాత ఊళ్లో ఇన్నాళ్లూ లేని నిశ్శబ్దం. ఒక్కొక్కరే తలలెత్తి పక్కవాళ్లను చూశారు.

కీర్తన మెట్లన్నీ పరిగెత్తి వచ్చింది. చేతిలో ఆరిపోయిన ఫోను.

"ఏం చేశావ్ బాబాయ్? ఫోనంటే ఆటొక్కటేనా? అంబులెన్సుకి కొట్టాలన్నా అదే, తలుపు తాళం తీయాలన్నా అదే. మా అమ్మ ఇంట్లో ఒక్కర్తీ ఉంది. ఎప్పుడు వెలుగుతాయి?"

"ఆవిడ నిద్ర లేచాక."

"ఎప్పుడు లేస్తుంది?"

"నలభై ఒక్క రోజుల నిద్ర బాకీ."

"విప్పు. ఆ ముడి ఇప్పుడే విప్పు. వినబడుతోందా నీకు?"

పేర్రాజు జేబులోంచి గుడ్డ తీసి, నల్లబడ్డ అద్దాన్ని మెల్లగా తుడిచాడు.

"ఆయ్" అన్నాడు.