స్టీరింగ్‌కి బొంత

"ఈ ఎయిర్‌బ్యాగ్ తీసేయండి."

కారు షెడ్డులో ఆగీ ఆగకముందే అద్దం దించి అందా అమ్మాయి. బయట వాన దంచి కొడుతోంది. ఆమె కళ్ళజోడు మీద చినుకులు, ముఖం నిండా చిరాకు. నేను చేతులు తుడుచుకుంటూ దగ్గరికెళ్ళాను.

"ఎందుకండీ, పాడైందా?"

"పాడవలేదనే నా భయం. యాక్సిడెంట్లో మా పిన్ని ముక్కు విరగ్గొట్టింది ఎయిర్‌బ్యాగే. నాకైతే కళ్ళజోడు కూడాను! కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ కళ్ళు పోగొట్టుకుంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

నవ్వొచ్చింది గానీ, లోపలికి తొంగిచూడగానే ఆగిపోయింది. స్టీరింగ్ నడుమ పువ్వుల గుడ్డతో చిన్న బొంత! చుట్టూ ముచ్చటైన కుట్టు, మూలమూలకీ నాడాలు.

"మా నాన్న టైలరు. బ్యాగ్ పేలినా మెత్తగా తగలాలని కుట్టిచ్చారు," అంది గర్వంగా.

నేను నాడాలు విప్పేశాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకోవాలండీ. ఇది అడ్డముంటే ఎటు తన్నుకొస్తుందో తెలీదు. పైగా మీరు స్టీరింగ్‌ని కావిలించుకుని కూర్చున్నారు. మధ్యలో జానెడు పైనే ఖాళీ ఉండాలి."

ఆమె కొలిచింది. "ఉందిగా!"

"మీ జాన కాదండీ, నా జాన."

నా చేతినీ తన చేతినీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుని సీటు వెనక్కి జరుపుకుంది. ఆ ఆపుకున్న నవ్వే నా కొంప ముంచింది.

ఆ తర్వాత ఏదో ఒక అనుమానంతో వస్తూనే ఉంది. ఎండలో నిలిపితే పేలుతుందా? గుంతలో పడితే? ఎవరైనా గట్టిగా తుమ్మితే? నేను ఓపిగ్గా జవాబులు చెప్పేవాణ్ణి. ఆమె రాని రోజు నట్లన్నీ తప్పుగా బిగించేవాణ్ణి.

ఒకరోజు సూటిగా అడిగింది. "అన్నీ పాటిస్తే దెబ్బ తగలదని మాటిస్తారా?"

అవునంటే సంతోషించేది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తగలొచ్చు. గీసుకుపోవచ్చు, కమిలిపోవచ్చు. బ్యాగ్ లేకపోతే మాత్రం తలే వెళ్ళి స్టీరింగ్‌కి కొట్టుకుంటుంది. మీకు కోపమొచ్చినా సరే, నేను తీయను."

"తీసే షెడ్డు మా పిన్ని చూసి పెట్టింది లెండి," అని విసురుగా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వచ్చింది ఆ కారు, టోయింగ్ బండి వెనక. బానెట్ నుజ్జునుజ్జు. లోపల గాలి పోయిన ఎయిర్‌బ్యాగ్ వేలాడుతోంది. కింద విరిగిన కళ్ళజోడు. వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

బండిలోంచి మెడలో కొలతల టేపుతో ఒక పెద్దాయన దిగాడు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"అంకుల్, ఆవిడ..."

ఆయన బ్యాగ్ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి, కుట్టు మీద బొటనవేలు రాశాడు. "గట్టి కుట్టు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఎవడో ఎదురొచ్చి గుద్దాడు. గడ్డం గీసుకుపోయింది, అంతే. నా బొంత విప్పింది నువ్వేనా?"

"నేనేనండీ."

"పద. నిన్ను తిట్టాలట, వెంటబెట్టుకు రమ్మంది."

ఇంట్లో ఆమె గడ్డానికి ప్లాస్టర్‌తో, పాత కళ్ళజోడుతో కూర్చుని ఉంది. ఆయన మూలనున్న మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

"మంటగా ఉంది," అంది.

"ఉంటుందని చెప్పానుగా."

"తీయించడానికి ఆ షెడ్డు దాకా వెళ్ళాను తెలుసా? లోపలికెళ్ళకుండా తిరిగొచ్చేశాను. ఎందుకో అడగరేం?"

"ఎందుకు?"

ఆమె తల దించుకుంది. "మీ దగ్గరికి రావడానికి నాకున్న సాకల్లా ఆ బ్యాగేగా. అదీ తీసేస్తే ఇంకేం చెప్పి రావాలి?"

నా గుండె ఎగిరి గంతేసింది. "నాకు మీరంటే చచ్చేంత ఇష్టమండీ," అనేశాను, గదిలో మూడో మనిషున్నాడని మర్చిపోయి.

మిషను చప్పుడు ఆగిపోయింది. ఇద్దరం బిగుసుకుపోయాం.

"చెప్పేశాడుగా," అన్నాడాయన సూదిలో దారం ఎక్కించుకుంటూ. "ఇంకా సాకులెందుకమ్మా? రేపట్నించి ఊరికే వెళ్ళు."