నిండు సిలిండర్

"దొంగిలించిన లిస్టులో తొమ్మిది మంది ఏజెంట్లు. నాలుగో పేరు మీ చెల్లెలిది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ ఫోన్ తీయబోయి మానుకున్నాడు. శత్రుముఠాలో మారువేషంలో ఉన్న చెల్లెలికి కబురంపే దారే లేదు.

బ్రీఫింగ్ నిమిషంలో ముగిసింది. ముఠా మనిషెవరో మన ఆఫీసులోనే ఆ లిస్టును ఫిల్మ్ మీదికెక్కిస్తే, ముఠా దాన్ని వెలుతురు చొరని నల్లగాజు గొట్టంలో పెట్టి, మచ్చిక చేసిన పందికొక్కు మెడకు కట్టింది. మధ్యాహ్నం మూడింటికి శత్రుదేశపు ఎంబసీవాళ్ల గెస్ట్‌హౌస్ పెరట్లో వదులుతుంది. అది తూములో దూరితే ఎంబసీలో తేలుతుంది. పెరట్లోనూ, ఎంబసీలోనూ మనవాళ్లు కాలు పెట్టకూడదు. ఫిల్మ్ ఇంకా కడగలేదు, లిస్టు ఎవరూ చదవలేదు కాబట్టి గొట్టం పగిలి ఎండ తగిలితే చాలు, లిస్టు మాయం.

పక్కింటి వంటగది కిటికీలో, పురుగుమందు కొట్టేవాడి వేషంలో నైన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్ప్రేయర్ గొట్టంలో చప్పుడు చేయని ఎయిర్ రైఫిల్. పెల్లెట్లు నాలుగే. పక్కన, కనురెప్పలకు దట్టంగా నల్లరంగు పూసుకున్న అసిస్టెంటు మిస్ మస్కారా. ఆమెను చూసినవాళ్లు నమస్కారం పెట్టబోయి మస్కారం పెట్టేవారు.

"రైఫిల్ గాలి సిలిండర్ ఫుల్లుగా నింపాను గురువుగారూ. ఒత్తిడి రెండొందల నలభై బార్లు."

ఊరి తాగుబోతులు కూడా అన్ని బార్లు ఎరుగరు. గాలి ఎక్కువుంటే దెబ్బ గట్టిగా తగులుతుందని నైన్ సంబరపడ్డాడు.

మూడైంది. పందికొక్కు వచ్చింది. మొదటి పెల్లెట్ దాని ముందు మట్టిలో దిగింది. రెండోది ఎడమకు పోయింది. మూడోది తుస్సుమని సగం దూరంలోనే రాలింది. పందికొక్కు తీరిగ్గా మీసాలు దువ్వుకుంది.

"గురువుగారికి గురి కుదరట్లేదే," అంది మస్కారా.

అరిస్తే వేషం బయటపడుతుంది. దూకుదామంటే ఇనుప చువ్వలు. చెల్లెలి ప్రాణం ఇరవై గజాల దూరంలో తోకాడిస్తూ తూము వైపు నడుస్తుంటే, నైన్ చువ్వలు పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు చూపు సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ మీద పడింది. రెండొందల పాతిక. ఆయుధాగారం మేస్త్రీ అన్న మాట గుర్తొచ్చింది: "రెండొందలు దాటించకు నాయనా. గాలి మరీ బలిస్తే వాల్వునే నొక్కేస్తుంది, అది సరిగ్గా తెరుచుకోదు."

తక్కువ నింపితే ఇట్టే పట్టుబడేది. అందుకే మస్కారా కావాలనే ఎక్కువ నింపింది.

నైన్ పెల్లెట్ పెట్టకుండా ఐదుసార్లు ట్రిగ్గర్ నొక్కాడు.

"ఉత్త గాలి కాలుస్తున్నారేం?"

"మీరు ఎక్కించిన పొగరు దించుతున్నాను మేడం."

మస్కారా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. పందికొక్కు తల తూములోకి వెళ్లబోతోంది. గేజ్ రెండొందలు. ఆఖరి పెల్లెట్. గాజు భళ్లుమంది, నల్లటి ఫిల్మ్ చుట్ట విప్పుకుని ఎండలో పడింది. నైన్ ఎడమ చేత్తోనే, వేషం కోసం తెచ్చిన డబ్బాలోని అసలు పురుగుమందు ఆమె ముఖాన కొట్టాడు. మస్కారా కారిపోయింది, పిస్తోలు జారిపోయింది. నాలుగోది మిస్ కాలేదు, మిస్సే దొరికిపోయింది.

ఫోన్ మోగింది. చీఫ్ కోడ్‌వర్డులో అడిగాడు. "చీడ పోయిందా?"

"పీడ పోయింది సార్," అన్నాడు నైన్, తూములో మాయమవుతున్న తోకను చూస్తూ. "చీడ మాత్రం ఎంబసీకి భోజనానికి వెళ్లింది."