దేశం కోడ్ తప్పిన పార్సెల్

"ఇది తిరిగిరావడం రెండోసారి. ఎందుకో చెప్తేగానీ ఇక్కణ్ణుంచి కదలను!"

ఆ అమ్మాయి పార్సెల్‌ని కౌంటర్ మీద పెట్టింది. ఆ కొరియర్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాడు లోపలి గదిలోంచి వచ్చాడు. ఆ అమ్మాయిది వానకి తడిసిన జుట్టు, ఎర్రబడ్డ ముక్కు, పెద్ద కళ్లు. ఆ కళ్లలో కోపం అతనికి కాస్త ఆలస్యంగా కనబడింది.

"అడ్రస్ తప్పు రాసుంటారండీ."

"నేనా? మా నాన్న కృత్రిమ కాళ్లు చేస్తారు. ఆరేళ్లుగా అడ్రసులన్నీ నేనే రాస్తున్నా. బ్రిటన్‌లో ఓ తొమ్మిదేళ్ల పాప దీనికోసం ఎదురుచూస్తోంది. సోమవారం బడి తెరుస్తారు."

అతను లేబుల్ చూశాడు. "దేశం కోడ్ యూకే. సరిగ్గానే ఉందిగా? అక్కడి వెబ్‌సైట్లన్నీ డాట్ యూకేనే కదండీ!"

"వెబ్‌సైట్ చివర ఉండేది వేరు, దేశం కోడ్ వేరు. చాలా దేశాలకి రెండూ ఒకటే కాబట్టి అందరూ బోల్తా పడతారు. బ్రిటన్ కోడ్ జీబీ. ఫారంలో నేను అదే రాశా. మీ సిస్టమే మార్చేసింది."

అతని మొహం పాలిపోయింది. దేశాల జాబితాని వెబ్ అడ్రసుల చివరి అక్షరాలు చూసి నింపింది తనే.

"తప్పు నాదేనండీ."

పోట్లాటకి సిద్ధమై వచ్చిన ఆమె మెత్తబడింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఫోన్‌లో చూసి అసలు కోడ్లు చదువుతుంటే అతను జాబితా అంతా సరిచేశాడు.

"డాట్ ఈయూ అని ఉంటుంది, యూరప్ కూటమిది. దాన్ని కూడా దేశమని పెట్టేశారా?"

"పెట్టేశా" అన్నాడు తలొంచుకుని. ఆమె పకపకా నవ్వింది.

పార్సెల్ ఆ సాయంత్రమే విమానమెక్కింది. అది ఎక్కడిదాకా వెళ్లిందో అతను రోజూ ఫోన్ చేసి చెప్పాడు. శనివారం పాపకి అందింది. సోమవారం బడి గేటు దగ్గర నిలబడ్డ పాప ఫొటో వచ్చింది. ఆ తర్వాత కూడా అతని ఫోన్లు ఆగలేదు.

రెండు నెలలకి ఓ ఆదివారం తమ వర్క్‌షాప్‌కి వచ్చిన అతన్ని ఆమె గుమ్మంలోనే నిలదీసింది. లోపల నాన్న మిషన్ గుర్రుమంటోంది.

"పార్సెల్ చేరిపోయిందిగా. ఇంకా రోజూ ఫోన్ ఎందుకు చేస్తున్నారు?"

"మీ గొంతు వినకపోతే తోచట్లేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె చూపు చెప్పుల మీదికి దిగింది. "ఫోన్ అరగంట లేటైతే నేనూ గుమ్మానికీ గదికీ తిరుగుతున్నా."

మిషన్ ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు.

"బాబూ!" లోపల్నుంచి నాన్న కేకేశారు. "మీ అమ్మానాన్నల్ని ఒకసారి తీసుకురా. మా అమ్మాయి అలా తిరిగి తిరిగి కాళ్లరగదీసుకునేలా ఉంది!"