తుడిస్తే పోయే తోకచుక్క

“దొరికింది! తోకచుక్క దొరికింది!”

పరమేశ్ వేసిన కేకకు వికారాబాద్‌లోని ఆ బడి మైదానంలో ఉన్నవాళ్ళంతా అతని వైపు తిరిగారు. నిజానికి అతన్ని ఎవరూ పిలవలేదు. తాండూరు నుంచి బడి వరండాకు బండలు తెచ్చాడు, దింపించాడు. పని అయిపోయాక ఇంటికి వెళ్ళాలి కదా! సైన్స్ టీచర్ సింధుజ ఇవాళ సాయంత్రం పిల్లలకు తోకచుక్క చూపిస్తుందని వాచ్‌మన్ చెప్పగానే ఆగిపోయాడు. ఆగింది తోకచుక్క కోసమా, టీచర్ కోసమా అంటే, అది మనం అడక్కూడని ప్రశ్న.

పైగా చేతిలో దుర్బీను కూడా ఉంది. అతని మేనమామ జంగప్పది. బండల గనిలో లారీ ఎంతదాకా వచ్చిందో చూసుకోవడానికి కొన్నాడు.

“ఏదీ, ఇటియ్యుండ్రి,” అంటూ సింధుజ పరుగున వచ్చి దుర్బీను అందుకుంది. “అవును! తెల్లగ ఉన్నది. తోక గూడ ఉన్నది!”

పరమేశ్ కాలర్ సర్దుకున్నాడు.

సింధుజ మాత్రం దుర్బీనును మెల్లగా వాటర్ ట్యాంకు మీదికి తిప్పింది. అక్కడి నుంచి గేటు బయటి ఆటో మీదికి. అక్కడి నుంచి నేరుగా పరమేశ్ ముఖం మీదికి.

“సార్, మీ తోకచుక్క ట్యాంకు మీద ఉన్నది. ఆటో మీద గూడ ఉన్నది. ఇప్పుడు మీ ముక్కు మీదికి వచ్చింది.”

చున్నీ కొసతో అద్దాన్ని తుడిచి, అంటిన తెల్లటి పొడిని అందరికీ చూపించింది.

“బండల పాలిష్ పౌడర్! తుడిస్తే పోయింది.”

పిల్లలు పడీ పడీ నవ్వారు. బుద్ధి ఉన్నవాడైతే ఆ నవ్వు ఆగేలోపు బండెక్కి తాండూరు చేరేవాడు. పరమేశ్ మాత్రం ఆమె నవ్వుతుంటే బుగ్గ మీద పడే సొట్ట చూస్తూ నిలబడ్డాడు. అబ్బ, ఎంత బాగుందో!

రెండో రోజే మళ్ళీ బడి ముందు ప్రత్యక్షమయ్యాడు.

“బండలు తక్కువ పడ్డయేమో అని వచ్చిన మేడం.”

“తక్కువ పడలే. మిగిలినయ్.”

“అయితే మిగిలినయి తీస్కపోదమని వచ్చిన.”

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రోజు బడి ఎదురుగా చాయ్ తాగారు. ఆ తర్వాత ఫోన్ నంబర్లు కలిశాయి. ఆ తర్వాత మెసేజీలు. రోజూ సాయంత్రం అతని నుంచి ఒకటే ప్రశ్న: “కనబడ్డదా?” ఆమె నుంచి ఒకటే జవాబు: “లేదు. గుట్ట అడ్డమొస్తుంది.”

అసలు చిక్కు అదే. ఆ తోకచుక్క మరీ మసక. పొద్దుగూకాక పడమర దిక్కున, కిందికే ఉంటుంది. బాగా చీకటి పడేలోపు అనంతగిరి గుట్టల వెనక్కి జారిపోతుంది.

“మా తాండూరు దిక్కు గుట్టల్లేవు. అంతా మైదానమే. వస్తవా?” అని ఒక రోజు ఫోన్‌లో అడిగాడు. ‘మేడం’, ‘సార్’ ఎప్పుడు పోయి ‘నువ్వు’ ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలీదు.

“గుట్టల్లేవు గని దుమ్మున్నది గద! మీ మిషన్లు నడుస్తుంటే చుక్కలే కనబడయి.”

అదీ నిజమే. బండలు కోసే మిషన్లు, పాలిష్ మిషన్లు తిరిగినంతసేపూ ఊరి మీద తెల్లటి తెర కట్టినట్టు ఉంటుంది.

ఇంతలో ఒక సాయంత్రం సింధుజే ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు.

“బొంరాస్‌పేట నుంచి సంబంధం వచ్చింది. అమావాస్య ముంగట మంచి మాట ఎందుకని నాయిన ఆగిండు. అమావాస్య దాటినంక మాట ఇస్తడట.”

పరమేశ్ తటాలున అడిగాడు. “మరి నువ్వు?”

“నీ సంగతి చెప్పిన.”

“ఏమన్నడు?”

“బడిలో జరిగింది ఎవరో ముందే చెప్పిండ్రు. ‘గా పౌడర్ పిలగాడా? ఉన్నదేందో లేనిదేందో తెల్వనోనికి బిడ్డనిస్తనా?’ అన్నడు.” ఆమే మళ్ళీ అంది. “నేను గూడ ఊకోలే. ‘గా పిలగాడే నీకు అసలు చుక్క చూపిస్తే?’ అన్న. ‘చూపిస్తే ఆని మాట వింట. లేకుంటే బొంరాస్‌పేటోళ్ళకు మాట ఇస్త’ అన్నడు. జర ఏమన్న చెయ్యి పరమేశ్!”

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. గుట్టలు తవ్వలేడు. మిషన్లు ఆపమంటే వినేదెవరు? పరేషాన్‌గా అటూ ఇటూ తిరుగుతూ మేనమామ పాలిష్ షెడ్డు గోడకున్న క్యాలెండర్ ముందు ఆగాడు. మళ్ళీ చూశాడు. ఎగిరి గంతేసి ఆమెకు ఫోన్ చేశాడు.

“సింధుజా! అమావాస్య! మాకు అమావాస్య నాడు మిషన్లన్ని బంద్! కడిగి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతరు. దుమ్ముండదు, వెన్నెల ఉండదు. మీ నాయినను తీస్కరా!”

“అమావాస్య నాడు తోకచుక్కనా? నాయిన రైలే ఎక్కడు!”

ఎక్కాడు. ఎట్లా ఎక్కించిందో ఆమెకే తెలియాలి. వాళ్ళ ఊరు మోమిన్‌పేట నుంచి బస్సులో వికారాబాద్, అక్కడి నుంచి రైల్లో తాండూరు. భుజాన గొంగడి, చేతిలో గొర్లు తోలే కర్రతో సింధుజ నాన్న ఈరయ్య రైలు దిగాడు. పరమేశ్ వంగి దండం పెట్టాడు.

“దారిలో తకలీఫ్ కాలేదు గద కాకా?”

“చుక్కేది?” అన్నాడు ఈరయ్య.

షెడ్డు దగ్గర జంగప్ప “బన్రి, బన్రి” అని తన కన్నడంలో పిలిచి కుర్చీ వేశాడు. మిషన్లు పసుపు కుంకుమలతో చల్లగా నిలబడి ఉన్నాయి. ఎప్పుడూ గోలగా ఉండే చోట ఆ రోజు పక్కింటి రేడియో కూడా వినిపిస్తోంది.

పొద్దు గూకింది. ముగ్గురూ బండల దొంతర ఎక్కి నిలబడ్డారు. పడమర ఎరుపు పోయి నలుపు కమ్ముకుంటోంది. పరమేశ్ అద్దాలను తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

“అరిగిపోతయ్ అద్దాలు,” అని సింధుజ గొణిగింది.

వెతికాడు. చుక్కలున్నాయి. తోకచుక్క లేదు. ఇంకాస్త కిందికి దించాడు. లేదు. ఈరయ్య కర్రను బండ మీద టక్ టక్ మని కొడుతున్నాడు. ఇంకాసేపైతే తోకచుక్క దిగిపోతుంది.

అప్పుడు కనిపించింది. చాలా మసకగా, ఉందా లేదా అన్నట్టుగా.

కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. దుర్బీను దించి అద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు. ఉంది! పక్కకు తిప్పాడు, కనిపించకుండా పోయింది. వెనక్కి తెచ్చాడు, దాని చోటున అది ఉంది! ఏమీ అనకుండా దుర్బీను సింధుజకు ఇచ్చాడు.

“దొరికిందా? మరి అరవవేంది?”

“ఒకసారి అరిచింది చాలు. నువ్వే చెప్పు.”

ఆమె చూసింది. ఆ తర్వాత తాండూరు సగం వినేలా కేక పెట్టింది.

“దొరికింది! నాయినా, దొరికింది! తోక గూడ ఉన్నది!”

ఈరయ్య దుర్బీను అందుకుని చాలాసేపు తంటాలు పడ్డాడు. ఉన్నట్టుండి కర్ర చంకలో పెట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

“ఓరి! ఉన్ని పోగు లెక్క ఉన్నదే!”

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు దుర్బీనును గిర్రున పరమేశ్ ముఖం మీదికి తిప్పాడు.

“ముక్కు మీద లేదు,” అని తేల్చాడు ఈరయ్య.

ఇక ఆగితే లాభం లేదనుకున్నాడు పరమేశ్. “కాకా, మీ బిడ్డంటే నాకు పానం. ఆమె లేకుంటే నాకు దినం గడుస్తలేదు. బొంరాస్‌పేటోళ్ళకు మాట ఇయ్యకుండ్రి.”

“అరే, అమావాస్య నాడు, నెత్తి మీద తోకచుక్కను పెట్టుకొని పెండ్లి ముచ్చటా?”

కింద నుంచి జంగప్ప అందుకున్నాడు. “మాకు ఇదే మంచి దినం బావా! కొత్త మిషన్ తెస్తే అమావాస్య నాడే కొబ్బరికాయ కొడతం.” అంటూనే పూజ కొబ్బరి ముక్కలున్న పళ్ళెం పైకి అందించాడు.

ఈరయ్య పళ్ళెం వైపు చూశాడు. అప్పుడే ‘బావా’ అని వరస కలిపేసిన జంగప్ప వైపు చూశాడు. పరమేశ్ వైపు చూశాడు. కొబ్బరి ముక్క తీసుకున్నాడు కానీ నోట్లో పెట్టుకోలేదు.

“బిడ్డా, సోంచాయించి, మంచిగ ఆలోచన చేసి చెప్పు. ఈ పిలగాడు గూడ తుడిస్తే పోయేటోడైతే ఎట్ల?”

సింధుజ చున్నీ కొస చేతిలోకి తీసుకుని, బండల దొంతర ఎక్కినప్పుడు పరమేశ్ బుగ్గకు అంటిన పాలిష్ పొడిని నాన్న ముందే తుడిచింది.

“తుడిచిన నాయినా. పౌడర్ పోయింది. మనిషి ఈడనే ఉన్నడు.”

ఈరయ్య కొబ్బరి ముక్క కరకరా నమిలాడు.