రెండు పిట్టల అచ్చు

కనజావాలో పొద్దున్నే పట్టుకున్న వాన రైలుతో పాటే వస్తోంది. మైబరా స్టేషన్ దాటి ఐదు నిమిషాలైనా కాలేదు, ఒక పెద్దావిడ సీట్లు పట్టుకుని తూలుతూ వచ్చి ప్రైవేట్ డిటెక్టివ్ కుజే ముందు ఆగింది.

"కుజే గారూ, నా కొంప మునిగింది! అచ్చు పోయింది!"

ఆవిడ పేరు సుమియే. కనజావాలో కుజే ఉండే వీధి చివరే ఆవిడ మిఠాయి దుకాణం. బియ్యప్పిండీ పంచదారా కలిపి, చెక్క అచ్చులో నొక్కి తీసే రెండు పిట్టల మిఠాయి మీదే అది నడుస్తోంది. జానెడు చెర్రీ చెక్క మీద ఆవిడ మామగారు చెక్కిన ఆ అచ్చు ఇప్పుడు బీటలు వారింది. అలాంటిదే ఇంకొకటి చెక్కించడానికి నగోయా తీసుకెళ్తోంది.

"మూడింటికి రమ్మన్నాడు చెక్కే ఆయన. రేపు ఆయనకి కంటి ఆపరేషన్. ఆ తర్వాత ఉలి పట్టనన్నాడు. ఇవాళ తప్పితే దుకాణం మూసుకోవడమే!"

"చివరిసారి ఎప్పుడు చూశారు?" అంది కుజే, తొణక్కుండా.

"త్సురుగాలో మూట తడిమి చూశాను, ఉంది. తర్వాత కునుకు పట్టింది. మైబరాలో లేచి, సీటు తిప్పుకుని కూర్చున్నాక మూట తేలిగ్గా అనిపించింది. విప్పితే ఖాళీ భోజనం డబ్బా!"

మైబరాలో ఈ రైలు దిశ మార్చుకుంటుంది. అంతదాకా వెనకున్న పెట్టె ముందవుతుంది. ప్రయాణికులు లేచి, ఎవరి సీటు వాళ్ళు గిర్రున తిప్పుకుని మళ్ళీ కూర్చుంటారు. ఈ దారిలో తిరిగేవాళ్ళకు అది తుమ్మినంత మామూలు.

"మీతో ఎవరున్నారు?"

"త్సురుగాలో నా ముందు మా మరిది కొడుకు కెంగో, వెనక మిఠాయి నొక్కే మా పనివాడు యసుహరా. ఇప్పుడు తిరగబడింది. ఇద్దరూ రైలు దిగలేదు."

కుజే లేచింది. సహాయకుడు నగుమో నోటుపుస్తకంతో వెంటపడ్డాడు. ఆమె తుమ్మినా రాసుకునే రకం.

యసుహరాకు డెబ్భై ఏళ్ళు. ఒళ్ళో కమలాపండ్ల బుట్ట ఉంది.

"తినమ్మా, తియ్యగా ఉన్నాయి," అంటూ రెండు పండ్లు కుజే చేతిలో పెట్టాడు.

"ఈ దారిలో తరచు వస్తుంటారా?"

"నేనా! ఇల్లు, పొయ్యి, మళ్ళీ ఇల్లు. నలభై ఏళ్ళలో రైలెక్కడం ఇదే. మైబరాలో అందరూ ఒక్కసారి లేచేసరికి రైలు తగలబడిందనుకున్నా."

కెంగో విసుగ్గా ఉన్నాడు. "మిఠాయి నొక్కే యంత్రం పెట్టు పెద్దమ్మా అని మొత్తుకుంటూనే ఉన్నా. చెక్కముక్క కోసం ఇంత గోలా?"

నగుమో మర్యాదకు ఒక పండు అందించబోయాడు.

"వద్దు బాబూ. ఒక్క తొన తిన్నా ఒళ్ళంతా దద్దుర్లే."

"వీడే, మేడమ్," నగుమో గుసగుసలాడాడు.

"నీకు దొంగ ఎప్పుడూ తొందరగానే దొరుకుతాడయ్యా," అని కుజే ముగ్గురినీ ఒకచోటికి పిలిచింది. కెంగో ఎదురుగా ఉన్న సీటు వీపుకి ఒక వలసంచి ఉంది. అందులో చెయ్యి పెట్టి, మడిచిన పేపరు బయటికి లాగింది. పైన ఎండి ముడుచుకున్న కమలా తొక్కలు. పేపరు విప్పితే అచ్చు!

"కెంగో!" సుమియే అతని వైపు తిరిగింది.

"నాకేం తెలీదు పెద్దమ్మా! ఒట్టు!"

"అతనికి తెలీదు. తొక్కలు చూడండి, ఎప్పుడో తిన్నవి. కమలా పడనివాడు ఎందుకు తింటాడు?" అంది కుజే. "సీటు తిరిగితే వీపూ తిరుగుతుంది, సంచీ తిరుగుతుంది. ఇది మీ సీటు వీపే, సుమియే గారూ. మైబరా దాకా ఇది మీ వెనకాయన ముందుండేది. మీరు కునుకు తీస్తుంటే మూటలో డబ్బా పెట్టి, అచ్చు ఇందులో దాచి, పైన తొక్కలు కప్పాడు. ఈ దారి తెలిసినవాడెవడూ అక్కడ దాచడు. సీట్లు తిరిగాయి, అచ్చు చేజారింది."

బుట్ట జారి పండ్లు నడవలో దొర్లాయి. యసుహరా వాటి వంక చూడలేదు.

"కొత్త అచ్చు వస్తే యంత్రానికి బిగిస్తానన్నాడు కెంగో బాబు. ఇక నా చేతులతో పనేముంది, అమ్మగారూ? ఇవాళ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నా. రేపు ఇచ్చేసేవాణ్ణి." ముసలాయన ఏడ్చేశాడు.

కెంగో తల దించుకున్నాడు. నగుమోకి రాయడానికి చెయ్యి రాలేదు.

సుమియే విసురుగా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆ ముసలి బొటనవేలు పట్టుకుని, అచ్చులో పిట్ట కడుపు దగ్గరి గుంటలో ఆనించింది. వేలు సరిగ్గా అమరింది.

"మొద్దువయ్యా నువ్వు! దుకాణం వాడిదా, నాదా? ఇదెంత లోతుండాలో చెక్కే ఆయనకి ఎవరు చెప్తారు, నేనా? నీ వేలికే తెలుసు. అందుకే కదా నిన్ను రైలెక్కించింది!"

అచ్చుని గుడ్డలో చుట్టి ఆయన ఒళ్ళోనే పెట్టింది.

"నగోయా దాకా నువ్వే పట్టుకో. నాకు నిద్రొస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. యసుహరా నగోయా వచ్చేదాకా రెప్ప వాల్చలేదు.